ఒక రోజు ఖాళీ, ఒక రోజు ఫుల్ లోడు: అలాంటి ట్రక్కుకి షాక్ అబ్జార్బర్లు ఎంచుకునేదెలా?

స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ ట్రక్కు వెనక భాగం మూడు నాలుగు సార్లు ఊగి గానీ కుదురుకోవడం లేదనుకోండి. చూసిన ప్రతివాళ్లూ ఒకటే మాట చెబుతారు: "షాక్‌లు పోయాయి, హెవీ డ్యూటీవి వేయించెయ్." నేనూ ఒకసారి అలాగే విన్నాను. దొరికిన వాటిలో అన్నింటికన్నా గట్టివి వెనక వేయించాను. ఇసుక లోడుతో వెళ్లేటప్పుడు బండి రాయిలా నిలబడింది, అబ్బ అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో బండి ఖాళీ, రోడ్డు తడి, మలుపులో తారు అలలు అలలుగా లేచి ఉంది. వెనక చక్రాలు ఆ అలల మీద టకటకా ఎగిరి, బండి వెనక భాగం ఒక అడుగు పక్కకి జరిగింది. ఏమీ కాలేదు కానీ, "గట్టిది" వేరు, "సరైనది" వేరు అని ఆ రోజే తెలిసింది.

మీ బండి రోజూ ఒకే బరువు మోస్తుంటే ఇంత ఆలోచన అక్కర్లేదు. పొద్దున సిమెంటు బస్తాలు, మధ్యాహ్నం ఖాళీ, సాయంత్రం పనిముట్లు మాత్రమే అన్నట్టు తిరిగే బండి అయితే కింద చెప్పిన వరసలో వెళ్లండి.

1. ముందు కమాన్లు చూడండి, తర్వాతే షాక్‌లు

చాలామంది పొరపడేది ఇక్కడే. షాక్ అబ్జార్బర్ బరువు మోయదు. మోసేవి కమాన్ కట్టలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు), లేదా కాయిల్ స్ప్రింగులు, లేదా ఎయిర్ బ్యాగులు (గాలి నింపిన రబ్బరు సంచులు). షాక్ పని ఊపుని ఆపడం ఒక్కటే. లోపల ఒక పిస్టన్ నూనెలో పైకీ కిందకీ కదులుతుంది, చిన్న చిన్న వాల్వుల గుండా నూనె కష్టపడి దారి చేసుకుని వెళ్తుంది, ఆ కష్టమంతా వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు మామూలు షాక్ దాదాపు ఏ పనీ చేయదు.

కాబట్టి లోడు వేయగానే బండి వెనక భాగం కూలబడిపోతుంటే కొత్త షాక్‌లు దాన్ని లేపవు. చాక్‌పీస్‌తో ఒక చిన్న పరీక్ష చేయండి. యాక్సిల్ పైన ఛాసిస్‌కి ఉండే రబ్బరు దిమ్మకి, అంటే బంప్ స్టాప్‌కి, కింది వైపున చాక్‌పీస్ దట్టంగా రుద్దండి. మామూలుగా వేసే లోడు వేసి, మామూలుగా తిరిగే దారిలో ఒక రోజు తిరగండి. సాయంత్రం కిందకి వంగి చూడండి.

రబ్బరు తగిలే చోట యాక్సిల్ మీద సన్నగా తెల్లటి గీత కనిపిస్తే ఒకటి రెండు పెద్ద గోతుల్లో తగిలిందన్నమాట, ఫర్వాలేదు. చాక్ మొత్తం తుడిచిపెట్టుకుపోయి రబ్బరు నున్నగా మెరుస్తుంటే రోజంతా కొట్టుకుంటూనే ఉంది. బండి ఆగి ఉన్నప్పుడు కూడా లోడుతో రబ్బరుకీ యాక్సిల్‌కీ మధ్య వేలు దూరనంత సందే ఉంటే అది కమాన్ల సమస్య. పట్టీ ఏదైనా విరిగిందేమో, కట్ట చదునైపోయిందేమో చూడండి. హెల్పర్ కమాను (అసలు కట్టకి తోడుగా వేసే అదనపు కమాను) గానీ ఎయిర్ బ్యాగులు గానీ అవసరమేమో మెకానిక్‌తో మాట్లాడండి. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి: వాటితో బండి ఎత్తు నిలబడుతుంది కానీ, తయారీదారు ప్లేటు మీద రాసిన యాక్సిల్ పరిమితి ఒక్క కిలో కూడా పెరగదు. యాక్సిల్, బ్రేకులు, టైర్లు, రిమ్ములు పాతవే కదా.

2. నిజంగా పోయింది షాకేనా?

కారుకి చేసినట్టు బానెట్ మీద చేతులు పెట్టి నొక్కి వదిలే పరీక్ష ట్రక్కుకి పనికిరాదు. కమాన్లు గట్టివి, పైగా పట్టీల మధ్య రాపిడే ఊపుని చాలావరకు ఆపేస్తుంది. షాక్ చచ్చిపోయినా బండి బుద్ధిమంతుడిలా కనిపిస్తుంది.

దానికి బదులు మూడు పనులు చేయండి. టైరు ట్రెడ్ మీద అరచేతిని చుట్టూ నెమ్మదిగా పోనివ్వండి. ఒకచోట ఎత్తు, ఒకచోట లోతు, మళ్లీ ఎత్తు అన్నట్టు అలలుగా తగిలితే చక్రం రోడ్డు మీద ఎగురుతోందని అర్థం. రెండోది, షాక్ ఒంటి మీద నూనె. రాడ్ దగ్గర సన్నటి తేమ, దాని మీద దుమ్ము పట్టి ఉండటం మామూలే. నూనె చుక్కలుగా కారుతుంటే, ఒళ్లంతా తడిసి ఉంటే మాత్రం సీల్ పోయినట్టే. మూడోది నాకు బాగా నచ్చినది: గతుకుల రోడ్డు మీద ఇరవై నిమిషాలు నడిపి, ఆపగానే నాలుగు షాక్‌ల దగ్గరకీ అరచేతి వెనక భాగాన్ని తీసుకెళ్లి చూడండి. కాలే ప్రమాదం ఉంది, నేరుగా పట్టుకోకండి. పనిచేసే షాక్ వెచ్చగా ఉంటుంది. మూడు వెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉంటే ఆ చల్లటిదే దొంగ.

షాక్ చివర్లలో బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్‌లు కూడా చూడండి. గుల్లబారిన బుష్ వల్ల వచ్చే టంగ్ టంగ్ శబ్దానికి మొత్తం షాక్‌నే నిందించేవాళ్లు చాలామంది.

3. బండిని కాటా ఎక్కించండి

వేబ్రిడ్జి మీద మూడు తూకాలు కావాలి: పూర్తి ఖాళీ, మామూలు రోజు లోడు, మీరు వేసే గరిష్ఠ లోడు. ప్రతిసారీ మొత్తం బరువు ఒక్కటే కాకుండా, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఒకసారి, వెనకవి మాత్రమే ఉంచి ఒకసారి తూయించండి. ఇదంతా ఎందుకంటే షాక్‌లు యాక్సిల్ వారీగా ఎంచుకుంటాం, బండి మొత్తానికి కలిపి కాదు.

తూకాలు చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. లోడు తొట్టి దాదాపు వెనక యాక్సిల్ పైనే ఉండే బండ్లలో ముందు యాక్సిల్ బరువు పెద్దగా మారదు. లోడు మరీ వెనక్కి జరిగితే ముందు బరువు కాస్త తగ్గుతుంది కూడా. అందుకే వెనక గట్టివి వేస్తున్నాం కదా అని ముందు కూడా గట్టివి వేయాల్సిన పని లేదు. ముందు భాగంలో వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) లాంటి శాశ్వత బరువు ఉంటేనే ఆ ఆలోచన. పాతబడితే మాత్రం ముందువి కూడా మార్చాల్సిందే, మామూలువే వేయండి.

4. లోడు మారితే షాక్ పట్టు ఎంత మారుతుంది?

కాస్త లెక్క. భయపడకండి, ఒక్క వర్గమూలమే.

ఒక బండి వెనక యాక్సిల్ మీద ఖాళీగా 700 కిలోలు, లోడుతో 2,200 కిలోలు అనుకుందాం. ఇందులో చక్రాలు, యాక్సిల్ కలిపి 200 కిలోల దాకా కమాన్ల కిందే ఉంటాయి, వాటిని తీసేయండి. కమాన్ల మీద ఊగే బరువు 500 నుంచి 2,000 కిలోలకి, అంటే 4 రెట్లకి పెరిగింది. షాక్ మారలేదు, కమాను గట్టిదనం మారలేదు. అప్పుడు ఊపుని పట్టి ఆపే శక్తి, బరువుతో పోల్చి చూస్తే, 4కి వర్గమూలమైన 2తో భాగించినట్టు సగానికి పడిపోతుంది. ఖాళీలో ఒక ఊపుకే ఆగిన బండి లోడుతో మరికొన్ని ఊపులు ఊగేది ఇందుకే.

హెల్పర్ కమాను కూడా తోడై మొత్తం గట్టిదనం రెట్టింపు అయితే? స్ప్రింగు గట్టిబడితే వెనక్కి కొట్టే శక్తీ పెరుగుతుంది. అప్పుడు 4ని 2తో గుణించి, 8 వర్గమూలం తీసుకోవాలి. షాక్ పట్టు మూడో వంతుకి కాస్త పైన మిగులుతుంది. హెల్పర్లు, ఎయిర్ బ్యాగులు వేయించి పాత షాక్‌లే ఉంచేసినవాళ్లు "బండి ఎత్తయితే వచ్చింది గానీ గుర్రంలా దూకుతోంది" అనేది దీని వల్లే.

నిజం బండిలో ఇంత ఘోరంగా ఉండదు. పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన కమాన్ కట్టలో లోడు పెరిగేకొద్దీ రాపిడి పెరుగుతుంది, అదీ ఊపుని తింటుంది. కానీ మీ బండికి పారాబొలిక్ కమాన్లు ఉంటే, అంటే రెండు మూడు మందపాటి పట్టీలే ఉండి వాటి మధ్య సందు కనిపిస్తుంటే, ఆ రాపిడి చాలా తక్కువ. అక్కడ షాక్ మీదే భారమంతా. కాయిల్ స్ప్రింగులదీ అదే కథ.

5. ఏ బరువుకి తగ్గట్టు కొనాలి?

ఒక వారం పాటు చిన్న పుస్తకంలో రాయండి: ఏ ట్రిప్పు ఎంత లోడుతో, ఎన్ని కిలోమీటర్లు. మన ఊహకీ ఈ లెక్కకీ సంబంధం ఉండదు. "ఎప్పుడూ ఫుల్ లోడే" అనే బండి సగం దూరం ఖాళీగా తిరుగుతూ ఉంటుంది.

నా పద్ధతి ఇది. గరిష్ఠ లోడు నెలకి ఒకటి రెండు సార్లే వస్తుంటే, దాని కోసం మిగిలిన రోజులు పాడుచేసుకోకండి. కంపెనీ ఇచ్చిన స్థాయివి గానీ, దానికి ఒక మెట్టు పైవి గానీ వేసి, ఆ రెండు రోజులు నెమ్మదిగా నడపండి. సగం దూరం సగం లోడు పైన తిరిగే బండికి లోడు వైపే మొగ్గండి, ఎందుకంటే బరువుతో ఉన్న బండి అదుపు తప్పితే జరిగే నష్టం పెద్దది. ఈ రెండింటికీ మధ్య ఊగిసలాడే బండ్లకే సర్దుబాటు చేసుకునే షాక్‌లు, అంటే అడ్జస్టబుల్‌వి. వాటి సంగతి కింద చెబుతాను.

అట్ట పెట్టె మీద "హెవీ డ్యూటీ" అని ఉంటే నమ్మేయకండి. ఆ మాటకి అన్ని కంపెనీలకీ కలిపి ఒక కొలత లేదు. అంకెలు అడగండి. షాక్ బలం పిస్టన్ కదిలే వేగాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఏ వేగం దగ్గర ఎంత బలం అనేది కావాలి. బిల్‌స్టీన్ షాక్‌లకి 360/80 లాంటి జంట అంకెలు చెబుతారు. సెకనుకి 0.52 మీటర్ల వేగం దగ్గర, షాక్ సాగేటప్పుడు 3,600 న్యూటన్లు, నొక్కుకునేటప్పుడు 800 న్యూటన్లు అడ్డుకుంటుందని దాని అర్థం. సాగేటప్పుడు బలం ఎక్కువ ఉండటం పొరపాటు కాదు. నొక్కుకునేటప్పుడు ఆ దెబ్బని స్ప్రింగు తీసుకుంటుంది. అది దాచుకున్న శక్తితో తిరిగి ఎగిరేటప్పుడు కళ్లెం వేయాల్సింది షాకే.

కానీ ఈ కళ్లెం మరీ బిగిస్తే ఖాళీ బండికి ముప్పు. వరస గతుకుల మీద చక్రం ఒక గుంటలోకి పూర్తిగా దిగే లోపే తర్వాతి దిబ్బ వచ్చేస్తుంది. చక్రం పైపైనే తేలుతూ పోతుంది, రోడ్డుతో పట్టు పోతుంది, బ్రేకు వేసినా ఆగదు. తడి మలుపులో నాకు జరిగింది అదే.

6. ఏ రకం?

ట్విన్ ట్యూబ్: గొట్టంలో గొట్టం. చవక, మెత్తన, బయటి గొట్టానికి రాయి తగిలి చిన్న సొట్ట పడినా సాధారణంగా పనిచేస్తూనే ఉంటుంది. బలహీనత ఏంటంటే, లోడుతో గతుకుల్లో ఎక్కువసేపు తిరిగితే నూనె వేడెక్కి గాలితో కలిసి నురగ అవుతుంది, పిస్టన్ ఆ నురగలో ఊరికే జారుతుంది. తక్కువ ఒత్తిడితో నైట్రోజన్ నింపిన ట్విన్ ట్యూబ్‌లో ఈ బాధ కొంత తగ్గుతుంది. గ్యాస్ లేనిదాన్ని, ఉన్నదాన్ని పోల్చి ఎంచుకోవాల్సి వస్తే పని బండికి గ్యాస్‌దే తీసుకోండి.

మోనో ట్యూబ్: ఒకటే గొట్టం. నూనెకీ, ఎక్కువ ఒత్తిడిలో ఉన్న నైట్రోజన్‌కీ మధ్య జారే పిస్టన్ ఒకటి అడ్డుగా ఉంటుంది కాబట్టి రెండూ కలవవు. నూనె గొట్టం నేరుగా గాలికి తగులుతుంది, త్వరగా చల్లబడుతుంది. లోడు మారే బండికి నేను ఎక్కువగా దీనివైపే మొగ్గుతాను. కారణం వేడి ఒక్కటే కాదు. చాలా మోనో ట్యూబ్‌లలో వాల్వు ఎలా ఉంటుందంటే, బండి పక్కకి ఒరగడం, ముక్కు దించడం లాంటి నెమ్మది కదలికల్ని గట్టిగా పట్టుకుంటుంది. గోతిలో పడ్డప్పుడు వచ్చే వేగపు దెబ్బకి మాత్రం తెరుచుకుని దారి ఇస్తుంది. లోడుతో ఊగకుండా, ఖాళీతో కొట్టకుండా మధ్యే మార్గం దొరికేది ఇలాంటి వాల్వుతోనే. ఒకటే జాగ్రత్త: ఆ ఒక్క గొట్టానికి సొట్ట పడితే పిస్టన్ ఇరుక్కుంటుంది. రాళ్ల క్వారీల్లో తిరిగే బండికి కవచం లేకుండా వేయకండి.

అడ్జస్టబుల్: ఒంటి మీద ఒక నాబ్ ఉంటుంది. రాంచో ఆర్‌ఎస్9000ఎక్స్‌ఎల్ షాక్‌కి 9 మెట్లు ఉంటాయి, లోడు వేసినప్పుడు పెంచి, దింపాక తగ్గించుకోవచ్చు. కాగితం మీద మన సమస్యకి అసలు సిసలు మందు ఇదే. నిజాయతీగా ఒక ప్రశ్న వేసుకోండి: వానలో, బురదలో, రోజుకి రెండుసార్లు వంగి ఆ నాబ్ ఎవరు తిప్పుతారు? మీరే డ్రైవరై, ఓపిక ఉంటే కొనండి. ముగ్గురు డ్రైవర్లు మారే బండి అయితే డబ్బు దండగ. మొదటి వారం తర్వాత నాబ్ ఎక్కడుంటే అక్కడే తుప్పు పడుతుంది. కేబిన్ నుంచి స్విచ్‌తో మార్చే కిట్లు కూడా ఉన్నాయి, పైపులూ వైర్లూ చూసుకునే టెన్షన్ అదనం.

ఎయిర్ షాక్: ఇవి గాలి నింపితే బరువు కూడా కొంత మోస్తాయి. వినడానికి బాగుంటుంది. కానీ ఛాసిస్‌కి షాక్ తగిలించే బ్రాకెట్టు ఊపుని తట్టుకోవడానికే గానీ బరువు మోయడానికి చేసింది కాదు. గాలి ఎక్కువ నింపి లోడు వేస్తే అది పగిలి ఊడి రావచ్చు. తేలిక లోడు దాటితే వీటి జోలికి వెళ్లొద్దు, యాక్సిల్ మీద కూర్చునే ఎయిర్ బ్యాగులే నయం.

మీ బండికి కంపెనీ నుంచే తమంతట తామే ఎత్తు సరిచేసుకునే నివోమ్యాట్ లాంటి షాక్‌లు వచ్చి ఉంటే జాగ్రత్త. అవి బరువులో కొంత వాటా మోస్తాయి, స్ప్రింగులు దానికి తగ్గట్టు మెత్తగా ఉంటాయి. వాటి స్థానంలో మామూలు షాక్‌లు పెడితే వెనక భాగం కూలబడుతుంది.

పిస్టన్ సైజు కూడా అడగండి. 35 మిల్లీమీటర్ల దానికన్నా 46 మిల్లీమీటర్లది అదే పనిని తక్కువ ఒత్తిడితో చేస్తుంది.

7. కొలతలు

బండి మోడల్‌కి తగిన పార్ట్ నంబరు తీసుకుంటే కొలతల బాధ లేదు. కమాన్లు మార్చి ఎత్తు పెంచి ఉన్నా, హెల్పర్లు వేసి ఉన్నా కొలవాల్సిందే.

పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్య దాకా టేపు పెట్టండి. ఖాళీగా ఒకసారి, ఫుల్ లోడుతో ఒకసారి. తర్వాత లోడు కొలత నుంచి, రబ్బరు దిమ్మకీ యాక్సిల్‌కీ మధ్య ఇంకా ఉన్న ఖాళీని తీసేయండి. రబ్బరు నలిగే మందం కూడా కొంత తీసేయండి. షాక్ పూర్తిగా ముడుచుకున్న పొడవు దీనికన్నా తక్కువ ఉండాలి. లేకపోతే రబ్బరుకి తగలాల్సిన దెబ్బ షాక్ లోపల తగిలి, నెల తిరక్కుండా రాడ్ వంగుతుంది. అలాగే ఛాసిస్‌ని లేపి యాక్సిల్ వేలాడనిచ్చి కొలిచి, షాక్ పూర్తిగా సాగిన పొడవు దానికన్నా ఎక్కువ ఉండేలా చూడండి.

షాక్ ఎంత వాలుగా ఉందో కూడా గమనించండి. నిలువుకి 30 డిగ్రీలు వాలితే చక్రం దగ్గర దాని ప్రభావం 75 శాతమే. 45 డిగ్రీలు వాలితే సగమే. బ్రాకెట్టు మార్చి మరీ వాలుగా బిగించిన బండ్లలో ఎంత ఖరీదైన షాక్ వేసినా ఊపు ఆగకపోవడానికి ఇదొక కారణం.

8. బిగించడం

ఒక యాక్సిల్‌కి రెండూ కలిపి మార్చండి, ఒక్కటి కాదు. చక్రాలకి అడ్డు పెట్టి, ఛాసిస్‌ని స్టాండ్ల మీద నిలబెట్టండి, జాకీని నమ్మి కిందకి దూరకండి. యాక్సిల్ కింద ఇంకో ఆసరా పెట్టాకే పాత షాక్ విప్పండి, కొన్ని బండ్లలో యాక్సిల్ మరీ కిందకి జారకుండా పట్టి ఉంచేది ఆ షాకే. ముందు వైపు కాయిల్ స్ప్రింగు చుట్టి ఉన్న స్ట్రట్ అయితే అది గ్యారేజీ పని. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే ప్రాణం పోతుంది.

కొత్త ట్విన్ ట్యూబ్ షాక్ పెట్టెలో పడుకుని వస్తుంది కాబట్టి లోపల గాలి చేరి ఉండొచ్చు. నిలబెట్టి, పూర్తిగా నొక్కి సాగదీయడం నాలుగైదు సార్లు చేస్తే పోతుంది. గ్యాస్‌వి కట్టి ఉన్న పట్టీ కోయగానే వాటంతటవే సాగుతాయి, ముఖం పక్కకి పెట్టుకోండి. బుష్ బోల్టులు ముందు వేలితో బిగించి వదిలేయండి. బండి చక్రాల మీద నిలబడ్డాకే, తయారీదారు చెప్పిన టార్క్‌కి, అంటే బిగింపు బలానికి, పూర్తిగా బిగించండి. యాక్సిల్ వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది.

9. రెండు రోజులు పరీక్ష

మీకు బాగా తెలిసిన గతుకుల దారి ఒకటి ఎంచుకోండి. మొదట ఖాళీగా, తర్వాత మామూలు లోడుతో, ఒకే వేగంతో వెళ్లండి. ఖాళీలో వెనక చక్రాలు టకటకలాడుతూ పట్టు వదులుతుంటే గట్టిదనం ఎక్కువైంది. లోడుతో స్పీడ్ బ్రేకర్ దాటాక ఒకటిన్నర ఊపుకి మించి ఊగితే తక్కువైంది. రెండూ ఒకేసారి జరుగుతుంటే కమాన్ల దగ్గరకి, మొదటి మెట్టుకి, వెనక్కి వెళ్లండి.

కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత బోల్టులు మళ్లీ ఒకసారి చూడండి. అడ్జస్టబుల్ కొని ఉంటే మాత్రం ఈ పరీక్షలో ఏ లోడుకి ఏ అంకె బాగుందో ఒక చీటీ రాసి డ్రైవర్ తలుపు లోపల అతికించండి: ఖాళీకి 3, సగానికి 5, ఫుల్‌కి 7 అన్నట్టు. ఇవి ఉదాహరణకి చెప్పిన అంకెలే, మీ బండివి మీకే తెలియాలి.